2006: పన్నెండు మంది, ఒక్క ప్లేయరు

డిసెంబరు వచ్చిందంటే చాలు, పేపర్లవాళ్లూ టీవీలవాళ్లూ ఆ ఏడాది మంచి పాటలేవో, మంచి సినిమాలేవో లెక్కలు కడతారు. మేమూ ఒకసారి కట్టాం. 2006 సంవత్సరానికి. మా జ్యూరీలో పన్నెండు మందిమి. అందరికీ ఉన్న అర్హత ఒక్కటే, తువాస్‌లో ఒకే గదిలో పైబెడ్డు గానీ కిందిబెడ్డు గానీ ఉండటం.

శ్రీకాకుళం వెల్డర్లు ముగ్గురు, గోదావరి జిల్లాలవాళ్లు ఇద్దరు, నిజామాబాద్, కరీంనగర్ వాళ్లు ముగ్గురు, తంజావూరు వైపు తమిళ తమ్ముళ్లు ముగ్గురు, బంగ్లాదేశ్ భాయ్ ఒకడు. తలా ఐదు డాలర్లు వేసుకుని ముస్తఫాలో ఒక సీడీ ప్లేయరు కొన్నాం. డాలరు ముప్పై రూపాయల లోపు ఉన్న రోజులవి. ఐదు డాలర్లంటే ఇంటికి పంపాల్సిన నూటనలభై రూపాయలు అటూ ఇటూ. అందుకని ఆ ప్లేయరు మీద ఎవరి హక్కు ఎంతో గోడకు కాగితం అంటించి మరీ రాసుకున్నాం. రాత్రి అన్నం తిన్నాక మొదలు, పదింటికి లైటు ఆర్పేదాకా. రోజుకొకరి వంతు. ఎవడి వంతు రోజు వాడు ఓవర్‌టైంలో ఇరుక్కుంటే వంతు పోయినట్టే. ఈ రూలు వల్ల జరిగినన్ని గొడవలు జీతం విషయంలో కూడా జరగలేదు.

ఆదివారం పొద్దున మాత్రం ఎవరి వంతూ కాదు, దేవుడిది. మార్చి 30న వచ్చిన 'శ్రీరామదాసు' ఆడియో పెట్టి బట్టలు ఉతుక్కునేవాళ్లం. కీరవాణి పాటల్లో రామదాసు రాముణ్ణి పిలుస్తుంటే, మేం బాత్రూములో దూరి బయటకు రానివాణ్ణి పిలిచేవాళ్లం. ఎవరైనా దిగులుగా కూర్చుంటే నిజామాబాద్ అన్న ధైర్యం చెప్పేవాడు. "రామదాసు పన్నెండేండ్లు జైల్ల ఉన్నడట. మనది రెండేండ్ల పర్మిటే కదా!" తర్వాత ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, బస్సెక్కి బూన్‌లే, అక్కడినుంచి రైలెక్కి లిటిల్ ఇండియా. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్‌కి ఒక దండం. ఆ తర్వాత ఎవరి దారి వారిది.

మే నెలలో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చింది. రాధాకృష్ణన్ సంగీతం, వేటూరి పాటలు. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ ప్రయాణం కథ. మా కోనసీమ బాబాయి వంతు వచ్చినప్పుడల్లా ఇదే. పాట మధ్యలో ఆపి "ఇదిగో, ఇక్కడే మా తోడల్లుడి ఊరు" అనేవాడు. ఆడియో సీడీలో ఊళ్లు ఎలా కనపడతాయి బాబాయ్ అంటే కళ్లు మూసుకోమనేవాడు. మూసుకున్నవాళ్లలో సగం మంది నిద్రపోయేవాళ్లు. మిగతా సగం మందికి ఊళ్లు కనపడేవి కాబోలు, ఏమీ మాట్లాడేవాళ్లు కాదు.

జూన్ 23న రెండు సినిమాలు ఒకేరోజు విడుదలయ్యాయి. తెలుగులో రాజమౌళి 'విక్రమార్కుడు', హిందీలో 'క్రిష్'. 'క్రిష్' చాలా భాగం సింగపూర్‌లోనే తీశారు. హృతిక్ రోషన్ ముసుగు వేసుకుని పెద్ద పెద్ద బిల్డింగుల మీద నుంచి దూకుతుంటే అందరూ చప్పట్లు కొట్టారట. మా శ్రీకాకుళం బావకు మాత్రం ఒళ్లు మండింది. "సేఫ్టీ బెల్టు లేదు, హెల్మెట్ లేదు. మనం ఒక్క హుక్కు తగిలించకపోతేనే సూపర్‌వైజర్ ఫైను రాస్తాడు. ఆడికెవుడు రాస్తాడు?" అని ఆ రాత్రంతా వాదించాడు. ఎత్తులో పని చేసేవాళ్లందరి తరఫునా 'క్రిష్'కి ఆ ఏడాది సేఫ్టీ అవార్డు నిరాకరించాం.

జూలైలో ప్లేయరుకు సెలవు. ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ మనకు జూలై 10, సోమవారం, తెల్లవారుజామున రెండింటికి. కాఫీషాపు టీవీ ముందు నిలబడి చూశాం. జిదాన్ తలతో ఇటలీ ఆటగాడి రొమ్ము మీద పొడిచి బయటకు పోయాక పెనాల్టీల్లో ఇటలీ గెలిచింది. మేం గదికి వచ్చి ముఖం కడుక్కునేలోపే లారీ హారన్ కొట్టింది. ఆ రోజు మీటింగులో నిలబడి నిద్రపోయినవాళ్లు ఎందరో లెక్క లేదు.

ఇక అసలు పోటీకి వద్దాం. ఏప్రిల్ 28న వచ్చిన 'పోకిరి', మణిశర్మ. ఆగస్టు 9న వచ్చిన 'బొమ్మరిల్లు', దేవిశ్రీ ప్రసాద్. 'పోకిరి' పాట మొదలైతే పైబెడ్లవాళ్లు కూడా కిందికి దిగేవాళ్లు. మంచాల మధ్య రెండడుగుల జాగాలో పన్నెండు మంది డ్యాన్సు చేస్తే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు, మీరూ అలాంటి గదుల్లోనే ఉన్నారు. తమిళ తమ్ముళ్లు మొదట మూతి ముడిచి, నెల తిరక్కుండా మాకంటే బాగా ఆడారు. దేవిశ్రీ విషయంలో మాత్రం తగ్గేవాళ్లు కాదు. "మద్రాసులో పెరిగాడు, మావాడే" అనేవాళ్లు.

'బొమ్మరిల్లు' విడుదలైన ఆగస్టు 9 సింగపూర్ నేషనల్ డే. మాకు సెలవు. పాత నేషనల్ స్టేడియంలో ఆఖరి పరేడ్ జరిగింది ఆ ఏడాదే. అక్కడ బాణసంచా కాలుస్తుంటే, హైదరాబాద్ థియేటర్ల ముందు కూడా అదే జరుగుతుంటుందని మాకు మేమే చెప్పుకున్నాం. ఆ సినిమాలో జెనీలియాకి ఒక నమ్మకం. తలకు తల ఒకసారి తగిలితే రెండోసారి కూడా తగిలించాలి, లేకపోతే కొమ్ములొస్తాయని. మా గదిలో కిందిబెడ్డువాడు లేచిన ప్రతిసారీ పైబెడ్డు ఇనుముకు తల తగలడం మామూలే. సినిమా కథ తెలిశాక అందరూ ఇనుముకే రెండోసారి కూడా కొట్టుకోవడం మొదలెట్టారు. భాయ్‌కి ఎందుకో తెలియదు. తెలుగువాళ్ల ఆచారం అనుకుని తనూ కొట్టుకునేవాడు.

ఆ గదిలో అందరికంటే చిన్నవాడు కరీంనగర్ తమ్ముడు. ఇరవై రెండేళ్లు. వాళ్ల బాపు పోవద్దంటే వినకుండా, అవ్వ గొలుసు కుదవపెట్టి వచ్చాడు. పదకొండు నెలలుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఫోన్ చేస్తే అవ్వతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. మేం కదిలిస్తే లేచి నీళ్లకు పోయేవాడు.

దీపావళి అక్టోబరు 21, శనివారం. నిజామాబాద్ అన్న సెలవు నుంచి వస్తూ 'బొమ్మరిల్లు' సీడీ తెచ్చాడు. క్యాంటీన్ టీవీలో పెట్టుకున్నాం. కొడుకు ప్రతి అడుగూ తానే నిర్ణయించే తండ్రిగా ప్రకాష్‌రాజ్, అన్నీ లోపల దాచుకున్న కొడుకుగా సిద్ధార్థ్. చివర్లో ఆ కొడుకు నోరు విప్పేసరికి క్యాంటీన్‌లో ఒక్కడూ కదల్లేదు. ఆ నెల ఇండోనేషియా అడవుల పొగ సింగపూర్ అంతా కమ్మింది. సినిమా అయ్యాక కళ్లు తుడుచుకున్న ప్రతివాడూ "పొగ, పొగ" అన్నాడు. తలుపులు మూసి ఉన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు రాత్రి తొమ్మిదింటికి తమ్ముడు ఫోన్ కార్డు గీకాడు. అక్కడ ఆరున్నర. పొలం నుంచి వచ్చే వేళ. "అవ్వా, ఫోను బాపుకియ్యి" అన్నాడు. మేం ప్లేయరు సౌండు తగ్గించాం. చాలాసేపు అటునుంచీ ఇటునుంచీ మాట లేదు. కార్డులో డబ్బులు కరిగిపోతున్నాయని బాబాయి వేళ్లతో సైగలు చేస్తున్నాడు. చివరికి స్పీకరులో వినపడింది.

"తిన్నవా?"

"తిన్న."

"ఏం కూర?"

"కేటరింగ్ కూర బాపు. ఏం కూరనో తెల్వది."

మేం ఆపుకోలేక పకపకా నవ్వాం.

"ఎవరు నవ్వుతున్నరు?"

"మా రూమోళ్లు."

"ఎంతమంది?"

"పన్నెండు మందిమి."

"అట్లనా? అయితే మంచిదే" అన్నాడు పెద్దాయన. అంతలో కార్డు అయిపోయింది. ఆ వారం ప్లేయరు వంతు ఎవరిదైనా, ఏం పెట్టాలో తమ్ముడినే అడిగాం.

డిసెంబరు 31 ఆదివారం. మర్నాడు సెలవు. ఓట్లు వేశాం. 'పోకిరి'కి ఐదు, 'బొమ్మరిల్లు'కి ఐదు, బాబాయి ఒంటరి ఓటు 'గోదావరి'కి. మిగిలింది తమ్ముడి ఓటు. ఇంకేముంది, 'బొమ్మరిల్లు' గెలిచిందని బావ అప్పుడే ఈల వేశాడు. తమ్ముడు 'పోకిరి' అన్నాడు. అందరం నోళ్లు తెరిచాం.

"బొమ్మరిల్లు పెడితే నేను పనికి పోను, ఇంటికి పోత. అప్పు ఇంక తీరలే" అన్నాడు.

అలా 2006 ఉత్తమ ఆడియో 'పోకిరి' అయింది. పదిహేను రోజులు తిరక్కుండా విజయ్‌తో తమిళ 'పోక్కిరి' వచ్చింది, మణిశర్మ సంగీతమే. అవార్డు తమదేనని తమిళ తమ్ముళ్లు గోడ మీది కాగితంలో ఒక అక్షరం దిద్దారు.

2007లో ప్రాజెక్టు అయిపోయి తలో క్యాంపుకూ పోయాం. చీటీలు వేస్తే ప్లేయరు భాయ్‌కి వచ్చింది. ఇప్పుడు మాలో ఇద్దరమే సింగపూర్‌లో ఉన్నాం. మా గదుల్లో ప్లేయరు లేదు, వంతులు లేవు, గొడవలూ లేవు. ఎవరి ఫోను వారిది, ఎవరి చెవుల్లో పాట వారిది. పక్కబెడ్డువాడు ఏ పాట వింటున్నాడో అడిగితే గానీ తెలియదు. అడిగి చూడండి, నష్టం లేదు.

కరీంనగర్ తమ్ముడు అప్పు తీర్చుకుని 2009లో ఇంటికి పోయాడు. వ్యవసాయం చేస్తున్నాడు. ఈమధ్య ఫోన్ చేసి, కొడుకు తన మాట వినట్లేదని మొత్తుకున్నాడు. 'బొమ్మరిల్లు' చూపించమన్నాం.

"ఎవరికి? వానికా, నాకా?" అన్నాడు.