నిండు చేద, ఖాళీ చేద

బావిలో నీళ్లు తోడిన చేతులకు ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఖాళీ చేద చకచకా పైకొస్తుంది. నిండు చేద నిదానంగా వస్తుంది. తాడుకి మరీ పెద్ద గంగాళం కట్టారనుకోండి, ఉన్న బలమంతా పెట్టి బిగబట్టి నిలబడటమే తప్ప తాడు జానెడు కూడా కదలదు. మన గుండె కండదీ ఇదే తంతు అంటే నమ్ముతారా?

ఈ లెక్క స్పష్టంగా తేలింది కప్ప తొడ కండ మీద. కండరాల్లో పుట్టే వేడిని కొలిచి 1922 నాటి నోబెల్ అందుకున్న ఎ.వి. హిల్, 1938లో దీనికో గీత గీసి చూపించాడు. కండ ఎంత వేగంగా పొట్టి అవుతుంటే లాగే బలం అంత తక్కువ. పోనీ గీత తిన్నగా ఉంటుందా అంటే అదీ కాదు. కాస్త వేగం పుంజుకోగానే బలం గబుక్కున పడిపోతుంది, ఆ పైన మెల్లగా జారుతుంది. 1962లో అమెరికాలో ఎడ్మండ్ సోనెన్‌బ్లిక్ పిల్లి గుండెలోని పాపిల్లరీ కండకు (కవాటాల తాళ్లను పట్టి ఉంచేది లెండి) బరువులు తగిలించి చూశాడు. అక్కడా అదే వరస.

ఎందుకలా? కండలో మయోసిన్ పోగులకు బోలెడన్ని తలలుంటాయి. అవి పక్కనున్న యాక్టిన్ పోగును పట్టుకుని, లాగి, వదిలేసి, మళ్లీ పట్టుకుంటాయి. పోగు నెమ్మదిగా జరుగుతుంటే ఎక్కువ తలలు పట్టు మీదుంటాయి. సర్రున జారిపోతుంటే పట్టుకునే వ్యవధే చిక్కదు. పైగా వేళకి వదలని తలలు వెనక్కి ఈడుస్తాయి. గుండెకైతే ఇంకో తిరకాసు కూడా ఉంది. పొట్టి అవుతున్నకొద్దీ ఆ పోగుల మీద కాల్షియం పట్టు సడలుతుంది, దాంతో బలం ఇంకాస్త దిగుతుంది.

అసలు బరువే లేనప్పుడు కండ వేగమెంతో తెలిస్తే గుండె సత్తా తేలిపోతుందని అరవైల్లో చాలామంది ఆశపడ్డారు. నన్నడిగితే అది అత్యాశే. గుండె కండకు విశ్రాంతిలోనూ కొంత బిగువుంటుంది. అందుకని బరువును నిజంగా సున్నా చేయలేం, అక్కడిదాకా గీతను ఊహతో పొడిగించాల్సిందే.

ఇక ఒంట్లో ఆ బరువేమిటంటారా? బీపీయే. ఎడమ జఠరిక బిగుసుకోగానే రక్తం బయటపడదు. బృహద్ధమనిలో ఒత్తిడి 80 ఉంటే, దాన్ని దాటేదాకా కవాటం తెరుచుకోదు. అంతసేపూ కండ పొడవు దాదాపు మారదు, బలం మాత్రం పెరుగుతుంది. కవాటం తెరుచుకున్నాకే పొట్టి అవడం. ఆ 80 కాస్తా 110 అయితే? బలం కూడగట్టడానికే కొంత సమయం పోతుంది, ఆపైన పొట్టి అయ్యేది నిదానంగా, అదీ కొంచెమే. గట్టి గుండె ఎలాగో సర్దుకుంటుంది. నీరసించిన గుండెకి ఆ వెసులుబాటు ఉండదు.

“నాకు బీపీ లేదు కదండీ డాక్టరుగారూ, ఈ బీపీ మాత్రెందుకు?” అని గుండె జబ్బువాళ్లు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎదురొత్తిడి దించితే అదే కండ ఇంకాస్త వేగంగా, ఇంకాస్త ఎక్కువగా పొట్టి అవుతుంది, రక్తం ఎక్కువ బయటికెళ్తుంది. స్వీడన్, నార్వే, ఫిన్లండ్‌లలో గుండె బాగా దెబ్బతిన్న 253 మందిలో కొందరికి ఎనలాప్రిల్ అనే బీపీ మాత్ర ఇచ్చి చూస్తే, వాళ్లలో మరణాలు తగ్గాయని 1987లో తేలింది. మేలంతా బరువు దించడం వల్లే కాదు, హార్మోన్ల పాత్రా ఉంది. మరీ ఒక్కసారిగా దించితే లేచి నిలబడేసరికి కళ్లు తిరుగుతాయి. అందుకే డాక్టర్లు చిన్న డోసుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోతారు.