కాడి మీద బరువు

ఒకే బండి దినదినం చేసే పనికీ, ఎప్పుడో ఒకసారి వచ్చే దూరప్రయాణానికీ సరిపోవాలని కోరుకోవడం పల్లెలకు కొత్త కాదు. మా పాలకుర్తి ప్రాంతంలో ఒకప్పుడు ఆ రెండింటికీ ఎడ్లే దిక్కు. పొలానికి పెంట తోలేటప్పుడు సాదాబండి, పెళ్ళికో జాతరకో పోయేటప్పుడు గూడు కట్టిన కచ్చురం. బండి మారేది కాని ఎడ్లు అవే. బసవని కథను పురాణంగా చెప్పిన పాల్కురికి సోమనాథుని ఊరిలో ఎడ్లు తరిగిపోయి ఆ స్థానం ట్రాక్టరుకు దక్కింది.

మా ఇంటి దూరప్రయాణం మేడారం. రెండేళ్ళకొకసారి మాఘమాసపు పున్నమి వేళ సమ్మక్క-సారలమ్మల దర్శనానికి సుమారు 150 కిలోమీటర్లు పోవాలి. ట్రాలీ మీద వెదురు బద్దలు వంచి, టార్పాలిన్ కప్పి, అడుగున వరిగడ్డి పరచి జంపఖానా వేస్తే నాలుగు రోజులపాటు అదే మా ఇల్లు. బియ్యం, గిన్నెలు, అమ్మవార్లకు ‘బంగారం’గా సమర్పించే బెల్లం, ఒక మూల కోళ్ళు, మిగిలిన చోట మేము. అమెరికాలోని మిత్రులు ట్రావెల్ ట్రెయిలరు ముందు నిలబడి తీయించుకున్న ఛాయాచిత్రాలు పంపినప్పుడు, ఈ సుఖం మాకు తెలియనిది కాదే అనిపిస్తుంది.

2023 చివరలో తమ్ముడు పాత ట్రాక్టరును అమ్మివేశాడు. ట్రాలీ మాత్రం మిగిలింది. ఇక ఏ బండి కొనాలన్నది ప్రశ్న. పొద్దున పాలక్యాన్లు, వారానికొకసారి ఎరువుల బస్తాలు, కోతల కాలంలో వడ్లు, జనగామ మార్కెట్టుకు పత్తి, వీటితో పాటు పిల్లల్ని బడికి దింపడం; ఇవీ నిత్యావసరాలు. 2005లో వచ్చిన టాటా ఏస్ ఇరుకు సందుల్లో హాయిగా తిరుగుతుంది కాని ముప్పాతిక టన్ను దాటితే మొరాయిస్తుంది. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌లో ఇంటిల్లిపాదీ దర్జాగా కూర్చోవచ్చు. అయితే ధర ఇరవై లక్షలకు పైమాటే, సరుకు పెట్టే తొట్టి చిన్నది. బొలెరో పికప్ రకాన్ని బట్టి 1,300 నుండి 1,700 కిలోల వరకు మోస్తుంది. 40 కిలోల వడ్లబస్తాలు నలభై వేస్తే 1,600 కిలోలు. పత్తికి బరువుతో పేచీ లేదు, తూకం కన్నా ముందు తొట్టి నిండుతుంది. లెక్క బొలెరో వైపే మొగ్గింది.

అప్పుడు తమ్ముడికి మరొక ఆలోచన వచ్చింది. పికప్ వెనుక ఒక కొక్కెం వెల్డింగు చేయించి, జాతరకు పాత ట్రాలీని తగిలిస్తే? బాపు ముఖం వెలిగింది. డెబ్బై దాటినవాడు. “ఇదే నా ఆఖరి జాతర అనుకో. అందరం ఒక్క బండ్లనే పోవాలె” అన్నాడు.

ఆ కోరికను కాదనడానికి నాకు నోరు రాలేదు కాని లెక్క కాదంటున్నది. మోయడం వేరు, లాగడం వేరు. లాగే బండి వెనుక కొక్కెం మీద పడే బరువు కూడా ఆ బండి మోసే బరువులోనే చేరుతుంది. అమెరికాలో ట్రెయిలరు బరువులో 10 నుండి 15 శాతం కొక్కెం మీద పడేటట్టు సర్దుకుంటారు. తక్కువైతే ట్రెయిలరు తోక ఊపినట్టు ఊగుతుంది, ఎక్కువైతే ముందుచక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. బాపుకు ఇది చెప్పబోతే ఆయనే నాకు చెప్పాడు: “ఎన్కకు బరువైతె కాడి లేస్తది, ముందలికి బరువైతె ఎడ్ల మెడలు పుండ్లయితయి. గిది గూడ తెల్వదా?”

తెలిసినవాడే కనుక మిగిలిన మాట కూడా చెప్పగలిగాను. ఆ దేశపు ట్రెయిలర్లకు వాటి బ్రేకులు వాటికుంటాయి. మా ట్రాలీకి లేవు. ఖాళీగానే టన్నుకు పైగా తూగే ఇనుము దిగుడులో వెనుకనుండి నెడితే పికప్ బ్రేకులు ఆపలేవు. అందులో మనుషులుంటే? 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవారికి బీమా సంస్థ పరిహారం ఇవ్వనక్కరలేదని 2002లోనే సుప్రీంకోర్టు ఆశా రాణి కేసులో తేల్చింది. బాపు విన్నాడు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

మూడవనాడు దారి చూపింది అమ్మ. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. పైగా సొంత బండ్లను దూరాన నిలిపివేస్తారు, ఆర్టీసీ బస్సు గద్దెల సమీపం దాకా పోతుంది. ఆడవాళ్ళూ పిల్లలూ బస్సులో, నేను వారికి తోడుగా. సామాను పికప్‌లో, తమ్ముడి పక్కసీటులో బాపు. 2024 ఫిబ్రవరి జాతరకు అట్లాగే పోయాము. బయలుదేరేముందు బాపు వెనుక కమాన్లను తట్టి చూచి, బెల్లం మూటలను ముందరికి జరిపించాడు. ట్రాలీని మరుసటి నెలలో అమ్మివేశాము.

నిత్యం మోసే బరువును చూచి బండి కొనాలి, ఎప్పుడో వచ్చే బరువుకు వేరే దారి వెతుక్కోవాలి అన్నది నాకు మిగిలిన నీతి. అందరమూ క్షేమంగా పోయి వచ్చాము. కాని గడ్డిమీద పడుకుని, టార్పాలిన్ చిరుగులోంచి చుక్కలు చూస్తూ, బాపు చెప్పే కథ సగంలో నిద్రపోవడమనేది మా పిల్లలకు లేకుండా పోయింది. దాన్ని ఏ బండిలో ఎక్కించి తేవాలో ఇంకా లెక్క తేలలేదు. మీలో ఎవరికైనా తేలి ఉంటే చెప్పండి.