కుదుపుల ప్రయాణం – నడుము నొప్పి

మీరు మహబూబాబాదు మీదుగా భద్రాచలం బయల్దేరారనుకోండి. ఇల్లెందు దాటి కొత్తగూడెం చేరేలోగా టేకులపల్లి వస్తుంది. పేరులోనే టేకు వుంది. దారికి అటూ ఇటూ పత్తి చేలు, మిర్చి తోటలు, వాటి వెనక అడవి. అడవిలో టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి. అడవి అంచున కోయ గూడేలు, లంబాడీ తండాలు. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో వున్న ఈ మండలం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో వుంది.

ఈ నేల కింద బొగ్గు వుంది. పక్కనున్న ఇల్లెందులో 1889లోనే బొగ్గు తవ్వడం మొదలైంది. టేకులపల్లి మండలంలో కోయగూడెం ఓపెన్‌కాస్టు గని వుంది. అందుచేత ఈ దారి మీద యాత్రికుల ఖరీదైన కారు, బొగ్గు లారీ, ఆర్టీసీ బస్సు, పత్తి బస్తాల ట్రాక్టరు, కిక్కిరిసిన ఆటో ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. అన్నిటికీ ఎదురయ్యే గుంత ఒకటే. కాని ఆ గుంతలో పడ్డప్పుడు లోపల కూచున్నవారి వెన్నుకు తగిలే దెబ్బ మాత్రం ఒకటి కాదు. ఎందుకని?

వెన్నులోనే స్ప్రింగులున్నాయి

మన వెన్నులో విడివిడిగా కదిలే పూసలు 24. వాటి మధ్య మెత్తని డిస్కులు 23. ఈ డిస్కులూ, వెన్నుకున్న వంపులూ, చుట్టూ వున్న కండరాలూ కలిసి స్ప్రింగులా పనిచేస్తాయి. ఉయ్యాలను సరైన సమయంలో కొంచెం తోసినా అది ఎంత ఎత్తుకు పోతుందో మీకు తెలుసు. కూచున్న మనిషి శరీరం కూడా అంతే. కింద నుంచి వచ్చే ఊపు సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య వుంటే, శరీరం ఆ ఊపును తగ్గించడానికి బదులు పెంచుకుంటుంది. వెన్నుకు ఎక్కువ శ్రమ కలిగేది అప్పుడే.

మనం నడిచేటప్పుడు సెకనుకు ఇంచుమించు 2 అడుగులు వేస్తాం. ఆ లయ మనకు పుట్టుకతో అలవాటు. కారు తయారుచేసేవారు బండి ఊపును సెకనుకు 1 లేక ఒకటిన్నర సార్లు వుండేట్టు చూస్తారు. అందుకే కారు హాయిగా వుంటుంది. ట్రాక్టరు సంగతి వేరు. మామూలుగా దాని వెనక చక్రాలకు స్ప్రింగులు వుండవు. పెద్ద టైర్ల మీద అది సెకనుకు 3 నుంచి 5 సార్లు ఎగురుతుంది. అంటే సరిగ్గా వెన్నుకు గిట్టని లయకు దగ్గరగా! ఏళ్ల తరబడి ట్రాక్టర్లు, లారీలు, గని డంపర్లు నడిపేవారిలో నడుము నొప్పి ఎక్కువగా కనబడడానికి ఇదొక ముఖ్య కారణం.

ఖరీదైన కారు చేసేదేమిటి?

స్ప్రింగు బరువు మోస్తుంది. దాని పక్కనుండే షాక్ అబ్జార్బరు ఊపును ఆపుతుంది. అబ్జార్బరు వదులుగా వుంటే గుంతలు తెలియవు గాని, మలుపుల్లో బండి ఊగుతుంది. బిగువుగా వుంటే బండి నిలకడగా వుంటుంది గాని, ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. ఈ రెంటినీ కుదర్చడానికి ఇంజనీర్లు చాలాకాలం తంటాలు పడ్డారు. ఫ్రాన్సులో 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారులో ఉక్కు స్ప్రింగులకు బదులు నూనె, గ్యాసు వాడారు. 1970లో వచ్చిన రేంజ్ రోవరుకు నాలుగు చక్రాలకూ చుట్ట స్ప్రింగులు పెట్టారు. 1992లో అదే బండికి గాలి స్ప్రింగులు వచ్చాయి.

ఇప్పటి ఖరీదైన బళ్లలో అబ్జార్బరు తన బిగువును తానే మార్చుకుంటుంది. చక్రం ఎంత లేచిందో, బండి ఎంత ఊగిందో కనిపెట్టే పరికరాలు కంప్యూటరుకు చెబుతాయి. అది రెప్పపాటుకంటె తక్కువ సమయంలో బిగువు మారుస్తుంది. కొన్నిటిలో నూనెలో సన్నని ఇనుప రజను కలిపి వుంటుంది. కరెంటు పంపితే ఆ రజను బారులు తీరి, నూనె చిక్కబడుతుంది. ఈ సూత్రాన్ని అమెరికాలో జేకబ్ రాబినో 1948లో చూపించాడు. కారు అబ్జార్బర్లలోకి అది 2002లో, కాడిలాక్ బండితో వచ్చింది. మన దేశంలో మహీంద్రా కంపెనీ 2024 నవంబరులో విడుదల చేసిన ఎలక్ట్రిక్ బళ్లలోనూ బిగువు మార్చుకునే అబ్జార్బర్లున్నాయి.

మరి ఇలాంటి బండి వుంటే నడుముకు ఇక భయం లేదా? అలా అనుకోవద్దు. అందం కోసం పెద్ద రిమ్ములు, పలచని టైర్లు వేయిస్తే గుంత అంచు దెబ్బ సూటిగా లోపలికి వస్తుంది. ఇంకొకటి, మరీ మెత్తగా, ఐదు సెకన్లకు ఒకసారి ఊగే ఊపు కడుపులో తిప్పుతుంది. వాంతులయ్యేవారు ముందు సీట్లో కూచుని దూరంగా దారిని చూడాలి. సెల్‌ఫోను చూడకూడదు. అన్నిటికంటె పెద్ద చిక్కు, మెత్తని బండిలో వేగం తెలియదు. హాయిగా వుంది గదా అని నాలుగు గంటలు దిగకుండా కూచుంటారు. కుదుపు లేకపోయినా కదలకుండా కూచోవడమే నడుముకు బరువు.

వెనక సీటు ఎవరికి?

బస్సులో వెనక చక్రాల మీద, ఇంకా వెనక కూచున్నవారికి కుదుపు ఎక్కువ. స్పీడుబ్రేకరు దగ్గర వాళ్లు సీటు మీంచి లేచి మళ్లీ పడతారు. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు, ముఖ్యంగా ముట్లుడిగిన ఆడవారికి, ఆ ఒక్క దెబ్బకే వెన్నుపూస నలిగిపోవచ్చు. "బస్సులో నడుం పట్టేసింది" అని నెలల తరబడి తైలం రాసుకునేవారిలో ఇలాంటివారు వుంటారు. కుదుపు తరవాత నడుము నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి. మీ ఇంట్లో పెద్దవారిని బస్సు మధ్య సీట్లలోనే కూచోబెట్టండి.

గర్భిణుల విషయంలో ఒక అపోహ వుంది. ఆటో ఎక్కినందువల్లే గర్భం పోయిందని ఆ పిల్లను నిందిస్తారు. ఇది అన్యాయం. తొలి నెలల్లో పోయే గర్భాల్లో చాలావాటికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే. మామూలు ప్రయాణం వల్ల ఆరోగ్యమైన గర్భం పోదు. అయితే రక్తం కనబడుతున్నవారు, మాయ కిందికి వున్నవారు కుదుపుల ప్రయాణం మానాలి. లోపలి గూడేల్లో వుండేవారు నొప్పులు వచ్చేదాకా ఆగకుండా, కాన్పు రోజులు దగ్గర పడగానే ఆస్పత్రికి దగ్గరలో వున్న చుట్టాలింటికి చేరడం మంచిది.

నడిపేవారికి

కుదుపు తీవ్రత రెట్టింపు అయితే, అంతే హాని నాలుగో వంతు సమయంలో జరుగుతుందని లెక్క. అంటే 8 గంటల హాని 2 గంటల్లోనే! కాబట్టి డంపరు, లారీ సీటు కింద గాలి స్ప్రింగు వుంటే, డ్యూటీ ఎక్కగానే దాన్ని మీ బరువుకు సరిపోయేట్టు మార్చుకోండి. ముందు షిఫ్టువారి బరువుకు పెట్టిన సీటు మీకు మేలు చెయ్యదు. రెండు గంటలకొకసారి దిగి నాలుగడుగులు నడవండి. దిగీ దిగగానే బస్తాలు ఎత్తకండి. కండరాలు అలసి వుంటాయి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే వుంచండి.

ఇది మరువకండి

ఇప్ప చెట్టు మీంచో, తాటి చెట్టు మీంచో పడ్డవారిని కంగారుగా లేపి, ఆటోలో కూచోబెట్టి తీసుకుపోతారు. మెడ, వెన్ను విరిగి వుంటే దారిలో తగిలే ఒక్క కుదుపుతో కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. కదిలించకుండా వుంచి 108కి ఫోను చెయ్యండి. 2005లో మొదలైన ఈ సర్వీసు అంబులెన్సులో మనిషిని బల్లమీద కట్టి తీసుకుపోయే ఏర్పాటు వుంటుంది. అది రాలేని చోటైతే, నలుగురు కలిసి తల, మెడ, వెన్ను ఒకే తీరున వుండేట్టు పట్టుకుని వెడల్పాటి బల్ల మీదికి చేర్చి, కదలకుండా కట్టి, బండి మెల్లగా నడపాలి.

నడుము నొప్పితోబాటు కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం బిగిసినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

లక్షల ఖరీదు చేసే కారులోని పరికరం చేసేది దారిని బట్టి తన పట్టు మార్చుకోవడం. గుంత కనబడగానే వేగం తగ్గించే డ్రైవరు పాదం కూడా అదే పని చేస్తుంది. ఆటోలోనైనా సరే, ఈసారి టేకులపల్లి దారిలో "మెల్లగా పోనీ బాబూ" అనడానికి మొహమాటపడకండి.