తాళం లేని పెట్టె

మా బాబాయి కోకాపేటలో పదిహేడో అంతస్తులో కాపురం. కిందటి సంక్రాంతి సెలవులకు వెళితే, బీరువా అడుగునుంచి ‘కమాండోస్’ సీడీ తీశాడు. 1998 నాటి యుద్ధం ఆట. మొదటి జీతంతో అసలుదే కొన్నాడట. (కోఠీలో నకలు చవగ్గా దొరుకుతున్నా సరే! అదీ ఆయన వరస.) ఇప్పుడేమో సీడీ నిండా గీతలు. బాగున్నా లాభం లేదు, ఆయన కొత్త కంప్యూటరుకు సీడీ మింగే నోరే లేదాయె!

నేను ‘గాగ్’ సంగతి చెప్పాను. 2008లో పోలండువాళ్ళు ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ అని పెట్టిన ఇంటర్నెట్టు దుకాణం. పాత ఆటల్ని ఇప్పటి యంత్రాల మీద నడిచేట్టు సరిచేసి, నకలు తియ్యకుండా వేసే తాళమేదీ లేకుండా అమ్ముతారు. ఒకసారి దింపుకుని దాచుకుంటే, రేపు దుకాణం మూసేసినా మన ఆట మనదే.

“ఒకే ఆట రెండుసార్లు కొనాలిట్రా?” అని గొణుగుతూనే కొన్నాడు. రాత్రి రెండింటిదాకా ఆడాడు. పిన్ని లైటార్పేసింది.

పొద్దున కాఫీ తాగుతూ అన్నాడు: “వీళ్ళు మనల్ని నమ్మార్రా. నా సీడీ నన్ను నమ్మలేదు.”

అప్పటికే ఆ ఆట నా జేబులో, పెన్‌డ్రైవులో ఉంది. మాట్లాడకుండా కాఫీ తాగాను. హాస్టలుకొచ్చాక అది చెరిపేసి, మెస్సు బిల్లుకుంచిన డబ్బుతో నాదొకటి కొన్నాను.

ఇప్పుడు మా రూమ్మేటు వెంటపడుతున్నాడు: “తాళం లేదుటగా, నాకోటి వెయ్యరాదూ?”