ఢిల్లీలో ఓరుగల్లు మనిషి

హైదరాబాదులో బయలుదేరి కాజీపేట, బల్లార్షా, నాగ్‌పూర్, భోపాల్ మీదుగా వెళ్ళే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ చివరికి ఆగేది హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్లో. అక్కడ దిగిన మనవాళ్ళు ఆ నిజాముద్దీన్ ఎవరో అడగరు. ఆటో బేరమాడి కరోల్ బాగ్ లాడ్జీలకో, చుట్టాల క్వార్టర్లకో వెళ్ళిపోతారు. తెల్లారితే టూరిస్టు బస్సు. బిర్లా మందిర్, ఇండియా గేట్, కుతుబ్ మీనార్, లోటస్ టెంపుల్, రాజ్‌ఘాట్, ఎర్రకోట, సాయంత్రానికి అక్షరధామ్. ప్రతిచోటా గైడు వాచీ చూపిస్తూ తొందరపెడతాడు. రాత్రికి కాళ్ళు పీకుతాయి, ఫోన్లో రెండు వందల ఫోటోలుంటాయి, ఏది ఎవరు కట్టించారో మాత్రం కలగాపులగం.

తప్పు బస్సుది కాదు. ఢిల్లీని ఒక్క ఊరనుకుంటేనే చిక్కు. లాల్‌కోట్, సిరి, తుగ్లకాబాద్, జహాన్‌పనా, ఫిరోజాబాద్, షేర్‌షా కోట, షాజహానాబాద్ అని పాత ఢిల్లీలు ఏడంటారు. వచ్చిన పాలకుల్లో చాలామంది పాత కోటను వదిలేసి, కాస్త దూరంలో కొత్తది కట్టుకున్నారు. ఎనిమిదోది ఇంగ్లీషువాళ్ళది: 1911లో కలకత్తా నుంచి రాజధాని మారుస్తున్నట్టు ప్రకటించారు, 1931లో కొత్త నగరాన్ని ప్రారంభించారు. ఈ ఎనిమిదింటి మధ్య ఇప్పుడు మెట్రో తిరుగుతోంది.

కుతుబ్ గురించి చెప్పనక్కర్లేదు, పాఠ్యపుస్తకాలు చెప్పేశాయి. డెబ్బై రెండున్నర మీటర్ల ఎత్తు. కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టాడు, ఇల్తుత్‌మిష్ పైకి లేపాడు. పక్కనే గుప్తుల కాలపు ఇనుప స్తంభం. ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ కావడం వల్ల పైన ఒక పొర ఏర్పడి దాన్ని తుప్పు నుంచి కాపాడుతోందని లోహశాస్త్రజ్ఞులు తేల్చారు. మీనారు పై రెండంతస్తుల్లో పాలరాయి కనబడుతుంది చూడండి, అది ఫిరోజ్ షా తుగ్లక్ పని. 1368 ప్రాంతంలో పిడుగు పడి పైభాగం దెబ్బతింటే మరమ్మతు చేయించాడు. ఫిరోజ్ షా పేరు గుర్తుంచుకోండి. ఆయన దగ్గర వజీరుగా, అంటే ప్రధానమంత్రిగా పనిచేసినవాడు మన ఓరుగల్లు మనిషి. ఢిల్లీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం ఆయన సమాధి. టూరిస్టు బస్సు దాని దరిదాపులకు కూడా పోదు.

కథ ఓరుగల్లులో మొదలవుతుంది. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాతి మహమ్మద్ బిన్ తుగ్లక్, కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకెళుతుంటే ప్రతాపరుద్రుడు దారిలోనే, నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతోంది. రాజుతోపాటు వెళ్ళినవాళ్ళలో ఒక సేనాని ఉన్నాడు. రాజు పోయాక ఈయన సుల్తాను ముందు నిలబడ్డాడు, మతం మారాడు, మక్బూల్ అయ్యాడు. ఢిల్లీ చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఈయన పాత పేరు కన్ను అని రాశాడు. ప్రతాపరుద్రుడి సేనానుల్లో నాగయ గన్నయ ఉన్నాడు కదా, ఆయనే ఈ కన్ను అని మన చరిత్రకారులు చాలామంది నిర్ణయించారు. తిక్కన శిష్యుడు మారన మార్కండేయపురాణాన్ని అంకితమిచ్చింది ఈ గన్నయకే. పెద్దన మనుచరిత్రకు బీజం ఆ పుస్తకంలోనిదే. అంటే మన ప్రబంధాలకు ఒక మూలం వెతుక్కుంటూ వెనక్కి పోతే, అక్కడ కృతిభర్తగా కూర్చున్నవాడు తరవాత ఢిల్లీ వజీరయ్యాడన్నమాట.

అఫీఫ్ ఇంకో ముక్క కూడా రాశాడు. మక్బూల్‌కు చదవనూ రాయనూ రాదట, అయినా మహా తెలివైనవాడట. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఒక మహాకావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు నిరక్షరాస్యుడెలా అవుతాడు? పారశీకం రాకపోతే చదువు రానట్టే లెక్క, ఆ దర్బారులో. భాష మారగానే చదువుకున్నవాడు చదువురానివాడైపోవడం ఇప్పుడు కూడా రాజధాని ఆఫీసుల్లో చూస్తూనే ఉన్నాం.

మక్బూల్‌ను కొన్నాళ్ళు మళ్ళీ ఓరుగల్లుకే పంపారు, ఈసారి సుల్తాను తరఫున పాలకుడిగా. కోట పేరప్పటికి సుల్తాన్‌పూర్ అయింది. తను కాపలా కాసిన గోడల మీదే శత్రువు జెండాతో నిలబడ్డ మనిషి మనసులో ఏముందో ఏ పుస్తకంలోనూ లేదు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఆ కోటను తిరిగి గెలిచాడు. మక్బూల్ ఢిల్లీ దారి పట్టాడు. మన చరిత్రలో కాపయ వీరుడు, మక్బూల్‌కు ఒక్క పేరా కూడా దక్కదు. అలా ఎందుకయిందో అర్థమవుతుంది, కానీ ఆ జీవితం కాపయ జీవితం కన్నా తక్కువ ఆసక్తికరమైనదేం కాదు.

ఆ తరవాత ముల్తాన్, గుజరాత్. 1351లో ఫిరోజ్ షా గద్దెనెక్కాక వజీరు పదవి, ఖానె జహాన్ బిరుదు. ఫిరోజ్ షాకు వేట, కట్టడాలు, కాలువలు ఇష్టం. రాజ్యం నడపడం వజీరు పని. అసలు పాదుషా ఖానె జహానే అని ఫిరోజ్ షా స్వయంగా అనేవాడని అఫీఫ్ చెబుతాడు. సింధ్ మీద దండెత్తిన సుల్తాను కచ్ ఎడారిలో దారితప్పి నెలల తరబడి అయిపు లేకుండా పోతే, ఢిల్లీలో అల్లరి రేగకుండా కాసినది ఈయనే. సుల్తాను క్షేమమన్న వార్త తనే పుట్టించి ఊళ్ళో సంబరాలు చేయించాడట. ఎంత గుండె ధైర్యం ఉండాలి! నిజంగానే సుల్తాను తిరిగిరాకపోతే ఆ అబద్ధానికి తల పోయేది.

1368-69లో మక్బూల్ చనిపోయాడు. కొడుకు జునాన్ షా అదే బిరుదుతో వజీరై, తండ్రికి నిజాముద్దీన్ దర్గా దగ్గర సమాధి కట్టించాడు. దర్గాకు వెళ్ళే సందు ఇప్పుడు గులాబీ రేకులు, చాదర్లు, అత్తరు, కబాబుల పొగతో ఊపిరాడకుండా ఉంటుంది. గురువారం సాయంత్రమైతే కవ్వాలీ కోసం జనం తోసుకుంటారు. దర్గాలో సూఫీ గురువు నిజాముద్దీన్, ఆయన కాళ్ళ దగ్గరే అన్నట్టుగా శిష్యుడు అమీర్ ఖుస్రో. ఇద్దరూ పోయింది 1325లోనే. ఖుస్రో సమాధి దగ్గర మనవాళ్ళు కాసేపు ఆగాలి. 1310లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించిన వైనం పారశీకంలో రాసిపెట్టినవాడు ఈయన. ముట్టడిని వర్ణించిన కవి, ప్రతాపరుద్రుడి కొలువులోని సేనాని ఒకే బస్తీలో నిద్రపోతున్నారు. వాళ్ళ మధ్య దూరం నాలుగు సందులు.

ఆ నాలుగు సందులే కష్టం. బోర్డు లేదు. కాలీ మసీదు ఎక్కడ అని అడగాలి. అది కూడా జునాన్ షా కట్టించిందే, 1370-71 నాటిది. అక్కడికి చేరాక తెలంగానీ గుంబద్ అని అడిగితే కొందరు భుజాలెగరేస్తారు. నాకు దారి చూపించింది పాల క్యాను మోస్తున్న ఒక పెద్దాయన.

"ఎక్కడి నుంచి వచ్చావు బేటా?"

"హైదరాబాద్ నుంచి చాచా."

"అయితే మీవాడే" అంటూ ముందు నడిచాడాయన. ఊరు వినగానే చుట్టరికం కలిపేశాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

మొదట సమాధి కనబడదు, ఇళ్ళే కనబడతాయి. తలెత్తితే తీగల మీద ఆరేసిన బట్టల వెనక నల్లబడ్డ గుమ్మటం. దగ్గరకు పోయి ఒక్కొక్క పలకా లెక్కపెట్టుకుంటే ఎనిమిది. మధ్యలో ఎనిమిది పలకల గది, దాని చుట్టూ వసారా, ఒక్కో పక్కా మూడు తోరణాలు, పైన ఎండావానా లోపలికి కొట్టకుండా వెడల్పాటి రాతి చూరు. వసారా పైన బుల్లి గుమ్మటాలు. నేను చూసినప్పుడు తోరణాలు కొన్నిటికి ఇటుకలతో గోడలు కట్టేసి, లోపల కాపురాలున్నాయి. ఒక తోరణంలోంచి పోపు వాసన వచ్చింది. పురావస్తువాళ్ళ కళ్ళకు ఇది ఆక్రమణ, నిజమే. కానీ తాళం వేసి గబ్బిలాలకు వదిలేసిన గోరీలు ఢిల్లీలో చాలా చూశాక, పిల్లల అరుపుల మధ్య ఉన్న ఈ గోరీ మీద నాకు జాలి కలగలేదు.

దీని గొప్పతనం ఆ ఎనిమిది పలకల్లోనే ఉంది. అంతకుముందు ఢిల్లీలో సుల్తానుల సమాధి భవనాలు నలుచదరం. తుగ్లకాబాద్ ఎదురుగా ఘియాసుద్దీన్ సమాధి చూడండి, గోడలు లోపలికి వాలిన చిన్న కోటలా ఉంటుంది. చుట్టూ వసారాతో ఎనిమిది పలకలుగా కట్టిన సమాధుల్లో ఢిల్లీకి ఇది మొదటిదని కళాచరిత్రకారులు చెబుతారు. ఇలాంటి ఆలోచన ఎక్కడిది? ముల్తాన్‌లో రుక్నె ఆలం సమాధి ఎనిమిది పలకలదే. మక్బూల్ అక్కడ పాలకుడిగా పనిచేశాడు, జునాన్ షా పుట్టింది అక్కడే. చిన్నప్పుడు రోజూ చూసిన గుమ్మటం కొడుకు కళ్ళలో ఉండిపోయిందేమోనని నా ఊహ. వసారా మాత్రం ముల్తాన్‌లో లేదు, అది ఇక్కడి చేర్పు.

ఆ నమూనా పట్టుకుని ఢిల్లీ రెండు వందల ఏళ్ళు కట్టింది. లోడీ గార్డెన్‌లో పొద్దున నడకకొచ్చేవాళ్ళు చుట్టూ తిరిగే మహమ్మద్ షా సయ్యద్ సమాధి (1444) ఇదే అచ్చు. అదే తోటలో సికందర్ లోడీది కూడా అంతే. హుమాయూన్ సమాధి ఆవరణలో, గేటు దాటగానే కుడిపక్క ఈసా ఖాన్ సమాధి (1547) ఉంటుంది. మెహ్రౌలీలో అధమ్ ఖాన్ సమాధి, ఢిల్లీ బయట బిహార్‌లో సాసారాం చెరువు మధ్య షేర్‌షా సమాధి, అన్నీ ఎనిమిది పలకలే. రాజులూ సర్దారులూ వరసగా అనుకరించిన ఆ మొదటి కట్టడం ఓరుగల్లు నుంచి బందీగా వెళ్ళినవాడిది. హుమాయూన్ సమాధి దగ్గర టికెట్టు కొనుక్కుని ఈసా ఖాన్ ముందు సెల్ఫీలు దిగేవాళ్ళకు ఈ ముక్క చెప్పాలని నోరు ఊరుకోదు నాకు.

జునాన్ షా తుర్క్‌మాన్ గేటు దగ్గర కలాన్ మసీదు (1387), దక్షిణాన ఖిడ్కీ మసీదు కూడా కట్టించాడు. ఖిడ్కీ మసీదు లోపలి చీకటి, జాలీల్లోంచి పడే వెలుగు చూడటానికి వెళ్ళాల్సిందే. ఆయన చివరికి ఫిరోజ్ షా వారసుల తగాదాలో ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇంత దూరం వచ్చాక ఫిరోజ్ షా కోట్లా చూడకపోతే బాగుండదు. క్రికెట్ స్టేడియం వెనకే. సుల్తాను తోప్రా నుంచి అశోకుడి స్తంభాన్ని పెకలించి తెప్పించాడు. దూది పరుపుల మీద పడుకోబెట్టి, రెల్లు, తోళ్ళు చుట్టి, నలభై రెండు చక్రాల బండి మీద యమున దాకా లాగి, పడవల మీద తెచ్చారని అఫీఫ్ వర్ణిస్తాడు. దాని మీది బ్రాహ్మీ లిపి చదవగలిగింది 1837లో జేమ్స్ ప్రిన్సెప్. ఇప్పుడు గురువారాలు జనం అక్కడి గోడల్లో జిన్నులకు అర్జీలు రాసి పెట్టిపోతారు, కొందరు ఫోటో కూడా జతచేసి.

హుమాయూన్ సమాధి, ఎర్రకోట, జామా మసీదు, మూడూ అందరికీ తెలిసినవే. హుమాయూన్ సమాధికి మాత్రం సాయంత్రం ఎండ ఎర్రబారే వేళ వెళ్ళండి.

ఇంగ్లీషు ఢిల్లీలో తెలుగువాళ్ళకు పనికొచ్చేవి రెండు. ఇండియా గేట్ పక్కన హైదరాబాద్ హౌస్, లుట్యెన్స్ నిజాం కోసం గీసిన మేడ. విదేశీ ప్రధానులొస్తే చర్చలక్కడే, మనం రోడ్డు మీంచి చూడటమే. ఇక దాని దగ్గర్లోనే, ఒకటో నంబరు అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. పప్పు, గోంగూర, పొడి, నెయ్యి. వరసలో నిలబడేవాళ్ళలో పంజాబీలూ బెంగాలీలే ఎక్కువ. ఆదివారం బిర్యానీకి ముందే వెళ్ళాలి.

ఎర్రకోటకు సోమవారం సెలవు, జాతీయ మ్యూజియంకు కూడా. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచుకు రైళ్ళు ఆలస్యం. ఫిబ్రవరి, అక్టోబరు నయం. దర్గాకు తలమీద గుడ్డ కావాలి. తెలంగాణీ గుమ్మటానికి నేను వెళ్ళినప్పుడు టికెట్టూ లేదు, వేళలూ లేవు. కాపురాలున్న చోటు కాబట్టి భోజనాల వేళ తప్పించి వెళ్ళండి, ఫోటో తీసే ముందు ఒక మాట అడగండి.