బూడిదరంగు పిక్సెల్

మా చేలో మూడు బోర్లు వేస్తే మూడూ ఫెయిలే. ప్రతిసారీ పాయింట్ పెట్టినాయన అరచేతిలో కొబ్బరికాయ మాత్రం ఠంచనుగా లేచి నిలబడింది. నాన్న ఆయన్ని అడిగేది ఒకటే: ''నీళ్లు పడతాయా, పడవా? అది చెప్పు చాలు.''

ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగంలో చేరి, నేనూ కొబ్బరికాయ పట్టుకున్నా. కాకపోతే అలాస్కాలో.

సముద్రానికి దూరంగా, అలాస్కా నడిమధ్యలో ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఊరుంది. చలికాలంలో మైనస్ 40 కూడా చూస్తుంది. అక్కడ నేల కింద పెర్మాఫ్రాస్ట్ ఉంటుంది. అంటే కనీసం రెండేళ్లు వరసగా సున్నా డిగ్రీలు దాటకుండా ఉండిపోయిన నేల. చిక్కేంటంటే, అక్కడది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నీడపట్టున ఉండే ఉత్తరం వాలులో ఉంటుంది, ఎండపడే దక్షిణం వాలులో మామూలుగా ఉండదు. పొట్టి నల్ల స్ప్రూస్ చెట్లు, కింద పరుపులాంటి నాచు కనిపిస్తే అనుమానించాల్సిందే. బర్చ్ చెట్లుంటే కాస్త ధైర్యం.

శాటిలైట్‌కి చెట్లు కనిపిస్తాయి గానీ నేల లోపల కనిపించదుగా! అందుకే మా మోడల్ ప్రతి 30 మీటర్ల గడికీ ఒక అంచనా ఇస్తుంది. దానికి రంగులేయడం నా పని. 50 శాతం దాటితే నీలం, లేకపోతే గోధుమరంగు. ఒక్క లైను కోడ్. డెమోలో అందరూ 'సూపర్' అన్నారు.

సెప్టెంబర్‌లో, నేల బాగా లోతుకి కరిగి ఉండే రోజుల్లో, చెకింగ్‌కి వెళ్లాం. ఒక గోధుమరంగు గడిలో దిగాం. మోడల్ అంచనా 46 శాతం. బర్చ్ చెట్ల కింద ఇనప కడ్డీ మీటరు పైనే దిగింది. పది అడుగులు నడిచి నాచు మీద గుచ్చితే, మోకాలి లోతైనా దిగకుండా ఆగిపోయింది.

''రాయేమో?'' అన్నా.

''రాయైతే టంగుమంటుంది. ఇది విను'' అంటూ మాతో వచ్చిన పెద్దాయన మళ్లీ గుచ్చాడు. దబ్‌మని మొద్దు చప్పుడు.

పక్కనే 'ప్లాట్ అమ్మబడును' బోర్డు. ఇల్లు కట్టాలంటే ముందు నాచు గీకేస్తారు. ఎండా, ఇంటి వేడీ లోపలికి దిగుతాయి. మట్టిలోని ఐసు కరిగి ఏదో ఒక మూల కుంగుతుంది. అలా ఒరిగిన ఇళ్లు పొద్దున దారిలోనే చూశా. కొనేవాడు నా మ్యాప్ చూసే కొంటే?

ఆ రాత్రి కోడ్ మార్చా. 30 నుంచి 70 శాతం మధ్య ఉన్నదంతా బూడిదరంగు, పక్కన 'డ్రిల్ చేసి చూసుకోండి' అని నోట్. మ్యాప్ చాలావరకు బూడిద పూసుకుంది.

''కస్టమర్‌కి ఉందా, లేదా అన్నదే కావాలి'' అన్నాడు మేనేజర్. అచ్చం నాన్నలాగే.

రెండు వారాలు వాదించా. చివరికి బూడిదరంగు ఉంచారు, సెట్టింగ్స్‌లో ఒక ఆప్షన్‌గా. మ్యాప్ తెరవగానే ఇప్పటికీ రెండు రంగులే. ఆ ప్లాట్ ఇంకా గోధుమరంగులోనే ఉంది. వచ్చే రిలీజ్‌కి మళ్లీ అడుగుతా.