కరెంటు పెట్టించుకున్న తరువాత స్కాన్

మా వెలిమెలలో పెద్దలు రేడియేషన్‌ను ఆ పేరుతో పిలువరు. ‘కరెంటు పెట్టుడు’ అంటారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసి విరమించిన మా వీధి పెద్దాయన ఒకాయన, పురీషనాళపు కణితికి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో అయిదు వారాలు కరెంటు, దానితోపాటు కీమో మాత్రలు ముగించుకొని వచ్చాడు. ఆత్రం ఆగక మూడవ వారంలోనే తనంతట తాను బయట ఎం.ఆర్.ఐ. తీయించుకొని, రిపోర్టుతో మా అరుగు మీద కూర్చున్నాడు.

“గడ్డ ఇంకా ఉన్నదట, డాక్టర్ సాబ్. పడ్డ కష్టమంతా వట్టిదేనా? ఇగ ఏ దవాఖానకూ పోను. నాటు మందు తింట.”

రిపోర్టులో గడ్డ ఉన్నదని లేదు. పేగు గోడ మందంగా ఉన్నదని మాత్రమే ఉంది. ఈ రెండింటికీ ఉన్న దూరం మీకు తెలియాలి.

కిరణాలు తగిలిన కణితి మంచుగడ్డలా కరిగిపోదు. కణాలు చచ్చిన చోట శరీరం నారపోగుల మచ్చను అల్లుతుంది, కాలిన గాయం మానిన చోట చర్మం బిగిసినట్లు. తొలి వారాలలో చుట్టూ ఉన్న పేగు కూడా వాచి ఉంటుంది. అందుకే చికిత్స ముగిసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని సాధారణంగా ఈ ఎం.ఆర్.ఐ. తీయరు. అప్పుడు కూడా మచ్చ నల్లగా, మిగిలిన కణితి బూడిదరంగులో కనిపిస్తాయని చెప్పుకుంటామే గాని, ఆ నలుపులో కొన్ని కణాలు దాగి ఉండవచ్చు. కొన్ని కణితులు జిగురు మడుగులుగా మారి తెల్లగా మెరుస్తాయి; ఆ జిగురులో ప్రాణమున్న కణం ఉన్నదో లేదో చిత్రం చెప్పలేదు. సర్జన్‌గా నేనూ ఒకసారి మచ్చను చూసి కణితి అనుకున్నాను. కోసి తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటీ లేదని పాథాలజీ రిపోర్టు వచ్చింది. ఆ రోగి జీవితాంతం పొట్ట మీద సంచితోనే బతికాడు.

పెట్ స్కాన్ అయినా అంతే. కిరణాల వల్ల వాచిన పేగు కూడా అందులో వెలుగుతుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకునేవారికి పేగంతా వెలగవచ్చు. కనుక ఆ సంగతి స్కాన్‌కు ముందే చెప్పండి. మాత్ర ఆపడం మాత్రం డాక్టరు చెబితేనే.

2004లో బ్రెజిల్ సర్జన్ ఆంజెలీటా హాబ్ర్-గామా, చికిత్సతో కణితి పూర్తిగా మాయమైనట్లు తేలినవారిని శస్త్రచికిత్స లేకుండా కనిపెట్టుకొని ఉండవచ్చునని చూపారు. ఆ నిర్ణయానికి ఎం.ఆర్.ఐ. ఒక్కటే చాలదు, వేలితో పరీక్ష, ఎండోస్కోపీ కూడా కావాలి. చికిత్సకు ముందు తీసిన ఫిల్ములూ కావాలి. మా పెద్దాయనవి బీరువా మీద దుమ్ములో దొరికాయి.

ఎనిమిదవ వారం స్కాన్‌లో చాలావరకు నలుపే. ఒక అంచున చిన్న బూడిద మరక. ఎండోస్కోపీలోనూ అక్కడే చిన్న పుండు కనిపించింది. ఆపరేషన్ తప్పలేదు. ఇప్పుడు కోలుకుంటున్నాడు. నాటు మందు మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చే నెల స్కాన్‌కు పాత ఫిల్ములన్నీ తేదీల వారీగా సంచిలో సర్ది, తలుపు వెనుక మేకుకు తగిలించాడు.